లేక్ మిషిగన్ చార్టర్ ఫిషింగ్, కోహో (ఒక రకం సాల్మన్ చేప) కోసమైతే మేలోనే వెళ్ళండి

మే మూడో వారంలో అమెరికాలో విస్కాన్సిన్‌లోని కెనోషా హార్బర్ నుంచి ఆరుగురం చార్టర్ బోట్ (కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే పడవ) తీసుకుని వెళ్ళాం, తెల్లారి 5కే బయల్దేరాం, ఒడ్డున ఎండ కాస్తున్నా నీళ్ళ మీద చలి చంపేస్తుంది, జాకెట్ సంగతి బుకింగ్‌లో చెప్పనే లేదు, అదొక్కటే నాకు నచ్చలేదు.

కెప్టెన్ మాత్రం పనిమంతుడు. ఆరెంజ్ డాడ్జర్ (నీళ్ళలో ఊగుతూ చేపల్ని ఆకర్షించే రేకు) వెనక చిన్న ఫ్లై (నకిలీ ఎర) కట్టి నెమ్మదిగా లాగుతుంటే ఒక్కసారిగా రాడ్ విల్లులా వంగింది, మా అబ్బాయి రీల్ తిప్పుతుంటే వెండిలా మెరుస్తూ కోహో పైకొచ్చింది, వాడి మొహం చూడాలి! తర్వాత రెండు స్టీల్‌హెడ్ ట్రౌట్ కూడా పడ్డాయి. అసలు ఈ కోహో ఇక్కడి చేప కాదండి, అలేవైఫ్ అనే చిన్న చేపలు విపరీతంగా పెరిగిపోతే వాటిని తింటాయని 1966లో మిషిగన్ రాష్ట్రం వాళ్ళు వదిలారు.

బాస్ చేపలు కావాలంటే ఈ ట్రిప్ కాదు, హార్బర్ రాళ్ళ పక్కన స్మాల్‌మౌత్ బాస్‌కి వేరే వెళ్ళాలి. లైసెన్స్‌తో పాటు సాల్మన్ స్టాంప్ (సాల్మన్, ట్రౌట్ పట్టడానికి అదనపు అనుమతి) కూడా కొనుక్కోండి.

ఇంకోటి, చేపలు వాళ్ళే శుభ్రం చేసి ఫిల్లెట్లు ఇస్తారు, తలలూ ముళ్ళూ పారేస్తారు. పులుసుకి ముల్లుతో ముక్కలు కావాలని ముందే చెప్పండి, మేం అడిగితే సంతోషంగా కోసిచ్చారు.