టిఎమ్‌ఎస్ సెంటర్: మెషిన్‌కి నాలుగు స్టార్లు, ఫారానికి ఒకటి

నాకు 23 ఏళ్లు. ఆటిజం ఉంది, డిప్రెషన్ కూడా. రెండు రకాల మందులు మార్చినా తగ్గకపోయేసరికి డాక్టరు టిఎమ్‌ఎస్ (తల బయటినుంచే అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే చికిత్స) చేయించుకోమన్నారు. కరెంటు షాక్ అనుకుని అమ్మ భయపడిపోయింది. అది కాదు. ఇందులో మత్తు ఇవ్వరు, ఫిట్స్ తెప్పించరు. ఎడమవైపు నుదుటికి కాస్త పైన అయస్కాంతపు కాయిల్ ఆనిస్తారు. అంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, తలలో లోహం ఏమైనా ఉందా అని రెండుసార్లు అడిగారు. అలా అడగడం నాకు నచ్చింది.

మొదట కొలత తీస్తారు. కాయిల్ జరుపుతూ పోతే ఒకచోట నా కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది. నేను కదపలేదు! మోతాదు దాన్నిబట్టే లెక్కగడతారు.

ఇక సెషన్. సెకనుకు 10 అయస్కాంతపు దెబ్బల చొప్పున 4 సెకన్లు, తర్వాత 26 సెకన్లు నిశ్శబ్దం. ఇలా 75 సార్లు. మొత్తం 3000 దెబ్బలు, ముప్పై ఏడున్నర నిమిషాలు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. నెత్తిమీద స్టాప్లర్ పెట్టి ఆగకుండా పిన్నులు కొడుతున్నట్టుంటుంది, ఎడమ కనుబొమ్మ కూడా దాంతోపాటే ఎగురుతుంది. మొదటి వారం తలనొప్పి. 3 నిమిషాల్లో 600 దెబ్బలతో ముగిసే తీటా బర్స్ట్ పద్ధతీ ఉంది, పాతదానికి తీసిపోదని 2018లో పెద్ద ట్రయల్లో తేలింది. వీళ్ల మెషిన్‌లో అది లేదట.

టెక్నీషియన్‌కి మాత్రం దండం పెట్టాలి. సెంటు కొట్టుకుని రావద్దంటే మానేశారు, ట్యూబ్‌లైట్ ఆర్పేశారు, ప్రతి విడతకీ ముందు "ఇప్పుడొస్తుందండీ" అనేవారు. 75 సార్లూ.

డిప్రెషన్ ఎంత తగ్గిందో చూడటానికి నింపమనే ఫారంతోనే గొడవ. "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా అనిపించింది?" ఏది దిగులో నాకెలా తెలుస్తుంది? ఎన్ని రోజులు స్నానం చేశానో అడగండి, చెప్తాను. మూడో వారం ఫారం ప్రకారం మార్పు సున్నా. అదే వారం ఐదు రోజులు స్నానం చేశాను, ఆగిపోయిన రైల్వే టైంటేబుల్ ఫైలు మళ్లీ తెరిచాను. దానికి ఫారంలో గడి లేదు. డాక్టరు పక్కన పెన్నుతో రాసుకున్నారు.

రిసెప్షన్‌లో అమ్మతో "ఆటిజం కూడా తగ్గిపోతుందమ్మా" అన్నారు. తప్పు. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డిఎ 2008లో దీన్ని అనుమతించింది డిప్రెషన్‌కి, ఆటిజానికి కాదు. నాకు తగ్గింది కూడా డిప్రెషనే, అదీ సగం. ట్యూబ్‌లైట్ మోత ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

వెళ్లేవాళ్లు కాయిల్‌ని ముందు గాల్లో పట్టుకుని ఒకసారి మోగించి చూపించమనండి. అడిగితే చేస్తారు. నాతో "కొంచెం టకటకమంటుంది" అని ఊరుకున్నారు. మొదటి రోజు రెండో విడతకే కుర్చీలోంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లదాకా వెళ్లిపోయాను.