అనంతపురం ఎండకి బీగిలా, బాసెట్ హౌండా?

"అన్నా, చెవులు వేలాడే కుక్కను తెచ్చుకుందామనుకుంటున్నా, ఏది మంచిది?" అని మా అనంతపురంలో అడిగేవాళ్లు ఉన్నారు. ఫోటోలో చూసి ముచ్చటపడేది బీగిల్‌నో, బాసెట్ హౌండ్‌నో. రెండూ వాసన పట్టి వేటాడే జాతులే. చూడాల్సింది చెవులు కాదు, ఆ ముక్కుతో మనం వేగగలమా అని.

బీగిల్ ఇంగ్లండ్‌లో కుందేళ్ల వేటకు గుంపులుగా తిప్పిన కుక్క. ఎత్తు 33 నుంచి 41 సెంటీమీటర్లు, బరువు పది కిలోల చుట్టుపక్కల. గుంపు అలవాటున్న జాతి గనక ఒంటరిగా ఉండలేదు. డాబా మీద కట్టేసి డ్యూటీకి పోతే రాగం తీసి ఊళ పెడుతుంది, సాయంత్రానికి పక్కింటాయన గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. ముక్కు నేలకు ఆనిందంటే పిలిచినా పలకదు. పొగరని కొడతారు కొందరు, పాపం. జాడ వదలని కుక్కల్నే ఏరి తరతరాలుగా పెంచితే వచ్చిన గుణమది. అమెరికాలో 1984 నుంచి విమానాశ్రయాల్లో సామాన్లలో దాచిన పళ్లు, మాంసం పట్టించేది దీంతోనే. మన ఇంట్లో అదే ముక్కు ఉగ్గాని గిన్నె దగ్గరికి పోతుంది. ఉగ్గానిలో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కల రక్తానికి చేటు. పైగా దీనికి చాలనేది తెలీదు, తొందరగా ఒళ్లు చేస్తుంది.

బాసెట్‌ది ఫ్రాన్స్. వేటగాడు కాలినడకన వెంట పోయేందుకు వీలైన పొట్టి కాళ్ల కుక్క. వాసన పట్టడంలో బ్లడ్‌హౌండ్ అనే జాతి తర్వాత దీన్నే చెబుతారు. ఎత్తు బీగిల్‌కు మించదు, బరువు మాత్రం రెండింతలు. నడుము పొడవు, మెట్లెక్కి దిగితే వెన్నుకు ముప్పు. నీళ్లు తాగితే చెవులూ గిన్నెలో మునుగుతాయి, తుడవకపోతే లోపల చీము పడుతుంది. మేలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఏసీ లేని ఇంటికి దీన్ని తేవడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

రెండిట్లో నా ఓటు బీగిల్‌కే. ఎండెక్కకముందే నడిపించాలి, బయట గొలుసు విప్పకూడదు.

వేరుశనగ చేనికి కాపలా కావాలంటే మాత్రం ఈ రెండూ వద్దు. కర్ణాటక ముధోల్ కుక్క చూపుతో వేటాడేది, దానికి పరుగెత్తే చోటు కావాలి. దానికంటే గొర్రెల మంద వెంట తిరిగే నాటుకుక్క పిల్లను అడిగి తెచ్చుకోండి. రేబిస్ టీకా దానికీ తప్పదు.