అమ్మకి ఎనిమా కోసం హోమ్ నర్సింగ్ వాళ్ళని పిలిచాం, మా అనుభవం

రేటింగ్: 4/5

మా అమ్మకి 72 ఏళ్ళు, కుడి తుంటి ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక ఆరు రోజులు మోషన్ లేదు, ఏడో రోజు పొద్దున్నుంచి డైపర్లో కొంచెం కొంచెంగా నీళ్ళలా కారుతుంటే మేము విరేచనాలనుకుని ఆపే టాబ్లెట్ వెయ్యబోయాం. అదృష్టం కొద్దీ ఈలోపు సిస్టర్ వచ్చేసింది.

వచ్చీ రాగానే ఎనిమా డబ్బా తియ్యలేదు. మందులన్నీ చూపించమంది, నొప్పికి వేసే ట్రమడాల్, ఐరన్ టాబ్లెట్లు చూసి "ఈ రెండూ మలం బిగించేవేనండీ" అంది. పొట్ట నొక్కి చూసి, గ్లౌజ్ వేసుకుని వేలితో చూసి చెప్పింది, కింద గట్టిగా ఉండ కట్టి అడ్డం పడిందట, పైనున్న పల్చటిది దాని పక్కనుంచి కారుతోందట. ఆ టాబ్లెట్ వేసుంటే ఇంకెంత బిగుసుకుపోయేదో తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మేము మెడికల్ షాపులో రెడీమేడ్ ఫాస్ఫేట్ ఎనిమా కొనిపెట్టాం. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ అడిగి, 1.9 అని ఎక్కువగా ఉండటం చూసి ఆ ఎనిమాని పక్కన పెట్టేసింది, కిడ్నీ వీక్‌గా ఉన్న పెద్దవాళ్ళకి ఒంట్లో ఫాస్ఫేట్ పెరిగిపోయి కాల్షియం పడిపోతుందట. డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాకే గోరువెచ్చటి సెలైన్ (ఉప్పునీళ్ళ) ఎనిమా పెట్టింది.

అమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది. సిస్టర్ మా తమ్ముణ్ణి బయటికి పంపేసి, దుప్పటి కప్పి, కావాల్సినంత వరకే తీసింది. ఎడమ పక్కకి తిప్పింది, పెద్దపేగు చివరి భాగం అటే ఉంటుంది కాబట్టి నీళ్ళు సులువుగా వెళ్తాయంట, ఆపరేషన్ కాలు లోపలికి వాలకుండా మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది. ముందు జెల్లీ రాసుకుని వేలితో కొంచెం కొంచెం విరగ్గొట్టి తీస్తూ మధ్యమధ్యలో నాడి చూసుకుంది, అలా తీసేటప్పుడు కొందరికి గుండె వేగం పడిపోతుందట. తర్వాత ట్యూబ్ మూడు నాలుగు అంగుళాలే లోపలికి, డబ్బా మంచానికి అడుగున్నర ఎత్తులోనే. అమ్మ "నొప్పే" అనగానే ట్యూబ్ నొక్కి పట్టుకుని "నోటితో ఊపిరి తీసుకోండమ్మా, తొందరేం లేదు" అంది. పది నిమిషాలు ఆపమని, బెడ్‌పాన్ పెట్టింది. ఆ తర్వాత అమ్మ మొహం చూడాలి, వారంలో మొదటిసారి కాఫీ అడిగింది!

వెళ్తూ చెప్పినవి కూడా పనికొచ్చాయి: టిఫిన్ తిన్న అరగంట లోపు కమోడ్ మీద కూర్చోబెట్టండి, తిన్నాక పేగు కదులుతుంది, కమోడ్ మీద ఎత్తు పెంచే రైజర్ వేయించండి, తుంటి ఎక్కువ వంగకూడదు, ఇసబ్‌గోల్ వేస్తే నీళ్ళు బాగా తాగించాలి లేకపోతే ఇంకా బిగుస్తుంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, పదింటికన్నది పన్నెండయ్యింది, గ్లౌజులకీ అండర్‌ప్యాడ్‌కీ వేరే బిల్లు వేస్తారని ముందే చెప్పలేదు, ఈసారి కూడా ఇదే సిస్టర్ని పంపమంటే గ్యారంటీ ఇవ్వలేమన్నారు. అమ్మ మాత్రం ఆవిడొస్తేనే అంటోంది.