మెంఫిస్, క్లార్క్స్‌డేల్: నాన్నతో మూడు రాత్రులు, కొన్ని పాత పాటలు

డాలస్ నుంచి టెన్నెసీలోని మెంఫిస్ దాదాపు 450 మైళ్లు. పొద్దున ఆరింటికి బయల్దేరితే రెండుసార్లు ఆగినా మధ్యాహ్నం రెండున్నరకల్లా చేరిపోవచ్చు. మేం చేరేసరికి ఐదున్నర అయింది, ఎందుకంటే మా నాన్న ప్రతి రెస్ట్ ఏరియాలోనూ దిగి నాలుగు అడుగులు నడవాల్సిందే. పల్నాడులో నలభై ఏళ్లు పత్తి పండించిన మనిషి, ఘంటసాల పోయాక పాటే లేదని నమ్మేవాడు, అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పేరు కూడా ఎప్పుడూ వినలేదు. ఇలాంటాయన్ని అమెరికా పాటలు పుట్టిన చోట్లకి తీసుకెళ్లి విసిగిస్తున్నానేమో అని దారంతా నాకు టెన్షనే.

హోటల్ సంగతి ముందే చెప్పేస్తాను. డౌన్‌టౌన్‌లో ఒక చెయిన్ హోటల్ బుక్ చేశా, పేరెందుకులెండి. పార్కింగ్‌కి రోజుకి 30 డాలర్లు విడిగా కట్టాలని కౌంటర్ దగ్గరికి వెళ్లాకే చెప్పారు, నాన్‌స్మోకింగ్ గదిలో సిగరెట్ కంపు, మార్చమంటే ముప్పావుగంట నిలబెట్టారు. రెండో గది మాత్రం శుభ్రంగా ఉంది. పెద్దవాళ్లతో వెళ్తే కాస్త ఊరి బయట, ఫ్రీ పార్కింగ్ ఉన్న చోటే నయం, ఎలాగూ అన్నిటికీ కారు తీయాల్సిందే.

మొదట సన్ స్టూడియో. ముందు మేడమీద చిన్న మ్యూజియం, తర్వాత కింద అసలు స్టూడియో, మొత్తం ముప్పావుగంట. ఐదేళ్ల లోపు పిల్లల్ని టూర్‌కి రానివ్వరు, చూసుకోండి. కింద ఉన్నది ఒక్క గది, మన పాత ఇళ్ల ముందు వసారా కంటే కాస్త పెద్దది, అంతే. 1950లో శామ్ ఫిలిప్స్ దీన్ని తెరిచి మొదట్లో ఎక్కువగా నల్లజాతి గాయకుల్నే రికార్డు చేశాడు. 1951లో 'రాకెట్ 88' పాట కోసం మిసిసిపీ నుంచి వస్తున్న కుర్రాళ్ల యాంప్లిఫయర్ దారిలో దెబ్బతింటే, లోపల కాగితాలు కుక్కి అలాగే వాయించేశారు. ఆ బొంగురు మోతే తర్వాత రాక్ అండ్ రోల్‌కి గుర్తు అయిపోయింది.

1954 జులై 5న ఎల్విస్ ఇక్కడే 'దట్స్ ఆల్ రైట్' పాడాడు. అది ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడి పాట, క్రూడప్‌కి రావాల్సిన రాయల్టీ బతికుండగా సరిగ్గా రాలేదు. రికార్డుకి ఒకవైపు ఈ పాట, రెండోవైపు తెల్లవాళ్ల బ్లూగ్రాస్ పాట. రేడియోలో వేస్తే ఫోన్లు మోగిపోయాయి, పాడినవాడు నల్లవాడో తెల్లవాడో జనానికి అంతుబట్టలేదు. అప్పుడు రేడియో అతను ఎల్విస్‌ని పిలిచి, ఏ హైస్కూల్లో చదివావని రేడియోలోనే అడిగాడు. హ్యూమ్స్ అని చెప్పగానే ఊరందరికీ అర్థమైంది, అది తెల్లపిల్లల బడి. బడుల్లో ఈ వేరువేరు పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఇదంతా నాన్న చెవిలో తెలుగులో చెబుతుంటే, "ఓహో, మన దగ్గర ఇంటిపేరు అడిగినట్టన్నమాట" అన్నాడు. నేను ఈ కథ పదిసార్లు చదివా, ఒక్కసారి కూడా నాకిది తట్టలేదు.

ఎల్విస్ ఉన్న ఇల్లు గ్రేస్‌లాండ్ గురించి పెద్దగా రాయను. టికెట్ ఖరీదే, సగం రోజు పోతుంది, మేడమీదికి ఎవరినీ పంపరు. ఒక గదిలో నేల మీదే కాదు, పైకప్పుకీ పచ్చ కార్పెట్ వేసి ఉంది. "దుమ్మెలా దులుపుతార్రా?" అన్నది నాన్న ఏకైక ప్రశ్న. ఎల్విస్ అభిమానులకి అది తీర్థయాత్ర, మాకు ఒక్కసారి చాలు.

టైమ్ తక్కువుంటే ఆ సగం రోజు స్టాక్స్ అనే పాత రికార్డుల కంపెనీ మ్యూజియానికి ఇవ్వమంటాను. నల్లజాతి వాళ్లుండే పేటలో మూతబడ్డ సినిమా హాల్‌ని 1960లో అద్దెకి తీసుకుని జిమ్ స్టివార్ట్, అతని అక్క ఎస్టెల్ యాక్స్‌టన్ స్టూడియో చేశారు, వాళ్లిద్దరి పేర్లు కలిపితేనే స్టాక్స్. హాల్లో కుర్చీలు తీసేశారు గానీ నేల వాలు అలాగే ఉంచారు, ఆ గది మోత వేరేలా ఉండటానికి అదొక కారణమంటారు. తినుబండారాలమ్మే కౌంటర్ ఉన్నచోట ఆవిడ రికార్డుల షాపు పెట్టి, పేట పిల్లలు ఏది కొంటున్నారో, దేనికి కాళ్లు ఆడిస్తున్నారో చూసి లోపల వాళ్లకి చెప్పేది. మార్కెట్ సర్వే అంటే అదే. పాత కట్టడాన్ని 1989లో కూల్చేశారు, ఇప్పుడున్నది అదే స్థలంలో 2003లో తెరిచిన నమూనా. నేల వాలు మాత్రం మర్చిపోకుండా కట్టారు, నడుస్తుంటే కాలికి తెలుస్తుంది.

అక్కడి స్టూడియో బ్యాండ్‌లో ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. స్టూడియో బయట వీళ్లంతా కలిసి కూర్చోగలిగే చోట్లు ఊళ్లో తక్కువ, వాటిలో ఒకటి లొరేన్ మోటెల్. 'నాక్ ఆన్ వుడ్' పాటని 1966లో గాయకుడు ఎడ్డీ ఫ్లాయిడ్, ఆ బ్యాండ్ గిటారిస్టు స్టీవ్ క్రాపర్ అక్కడి గదిలోనే రాసుకున్నారు. అదే మోటెల్‌లో 306వ గది ముందు బాల్కనీలో 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చారు. పాటకీ హత్యకీ మధ్య రెండేళ్లు కూడా లేవు. ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం. మంగళవారం మూసేస్తారు, కనీసం మూడు గంటలు ఉంచుకోండి. లోపల ఒక చెత్తలారీ ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో వానకి లారీలో తలదాచుకున్న ఇద్దరు పారిశుధ్య కార్మికులు యంత్రంలో పడి నలిగిపోయారు, సమ్మె దాంతోనే మొదలైంది, కింగ్ వచ్చింది ఆ సమ్మె కోసమే. లారీ దగ్గర నాన్న చాలాసేపు నిలబడ్డాడు, ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు హైవే 61 మీద మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్‌కి గంటన్నర డ్రైవ్. అక్టోబర్ కాబట్టి రెండువైపులా పత్తి, రోడ్డు అంచున ఎగిరిపడ్డ దూది. నాన్న కారు ఆపమని దిగి, కాస్త దూది తీసి రెండు బొటనవేళ్ల మధ్య లాగి పింజ పొడవు చూశాడు. "పర్లేదు" అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, "మనుషులేర్రా? మా దగ్గర కిలోకి 12 రూపాయలిస్తామన్నా కూలీలు రావట్లేదు, ఇక్కడ ఒక్కడూ లేడే" అన్నాడు.

జవాబు నాలుగు మైళ్ల దూరంలోనే ఉంది. క్లార్క్స్‌డేల్ పక్కన హాప్సన్ తోటలో 1944లో నాటడం నుంచి ఏరడం దాకా మొత్తం యంత్రాలతోనే ఒక పంట తీశారు. అప్పటికే నల్లజాతి కూలీల వలసలు ఉత్తరాదికి సాగుతున్నాయి, ఆ తర్వాత ఇంకా పెరిగాయి. డెల్టా బ్లూస్ మ్యూజియంలో (బ్లూస్ అంటే ఈ ప్రాంతపు నల్లజాతి వాళ్ల బాధల పాటలు) గాయకుడు మడ్డీ వాటర్స్ ఉన్న గుడిసెను దుంగలతో సహా తెచ్చి నిలబెట్టారు. స్టోవాల్ తోటలో ట్రాక్టర్ తోలేవాడు, 1943లో షికాగో పోయాడు, అక్కడి బార్ల గోలలో మామూలు గిటార్ వినపడక కరెంటు గిటార్ పట్టాడు. మ్యూజియం చిన్నదే, రెండు గంటలు చాలు, ఆదివారం వెళ్లకండి.

పాత కౌలుదార్ల గుడిసెల్ని టూరిస్టులకి గదులుగా ఇచ్చే చోటు కూడా చూశాం. "డబ్బులిచ్చి పాకలో పడుకోవడమేంట్రా" అన్నాడు నాన్న, నాకూ మనసొప్పలేదు, హైవే పక్క మామూలు మోటెల్‌లో దిగాం. 85 డాలర్లు, శుభ్రమైన దుప్పట్లు, వేడినీళ్లు, ఫిర్యాదేమీ లేదు. తిండికి ఇబ్బందే, ఇక్కడ పేరున్న టమాలేల్లో (మొక్కజొన్న పిండిలో కూరి ఉడికించేవి) ఎక్కువగా పందిమాంసమో గొడ్డుమాంసమో ఉంటుంది. కూలర్‌లో పెరుగన్నం పెట్టుకెళ్లడం వల్ల బతికిపోయాం.

రాత్రి ఒక చిన్న బ్లూస్ బార్‌కి వెళ్లాం, తలకి 10 డాలర్లు, కార్డు తీసుకోరు. ఎర్ర బల్బులు, పది పన్నెండు మంది, డెబ్బై దాటిన ఒకాయన కుర్చీలో కూర్చుని పాడుతున్నాడు. నాన్న కాసేపు విని, "ఎవర్నో తిడుతున్నాడు" అన్నాడు.

"కాదు నాన్నా, పెళ్లాం వదిలేసి పోయిందట."

"అదేరా, తిట్టేగా" అని స్ప్రైట్ గ్లాసు పట్టుకుని ముందు బల్లకి మారాడు. పదింటికి పడుకునే మనిషి, పదకొండున్నరకి నేను లేపితే గానీ లేవలేదు.