బీర్ గేమ్ బోర్డు కిట్: ఆపరేషన్స్ క్లాసులో వాడి చూశాక

ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చెప్పేవాళ్లందరికీ ఉన్న తలనొప్పే నాకూ ఉంది. ఇ.ఓ.క్యూ. సూత్రం (ఒక్కోసారి ఎంత సరుకు ఆర్డర్ చేస్తే ఖర్చు తక్కువో తేల్చే లెక్క) చెబితే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అప్పజెప్తారు, హాలు దాటగానే మర్చిపోతారు. మార్కెటింగ్ క్లాసులో ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉంటుంది. మన క్లాసులో ప్రతివాడికీ ఒక కాల్‌క్యులేటర్ ఉంటుంది, అంతే. అందుకే క్లాసులో ఆడించే ఆటలంటే నాకు ఆశా ఎక్కువే, అనుమానమూ ఎక్కువే. చాలావరకు కాలక్షేపమే అవుతాయి. బీర్ గేమ్ బోర్డు కిట్‌ని మాత్రం ఏటా బీరువాలోంచి తీస్తూనే ఉన్నాను.

ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా సరుకు ఎలా సాగుతుందో ఆడి చూపించే ఈ ఆట కొత్తదేం కాదు. 1960 ప్రాంతంలో ఎం.ఐ.టి. స్లోన్ స్కూల్‌లో జే ఫారెస్టర్ బృందం తయారుచేసింది. ఒక్కో జట్టుకీ ఒక పొడవాటి బోర్డు, దాని మీద వరసగా నాలుగు స్థానాలు: రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ. బీరు కేసులకు బదులు చిన్న బిళ్లలు. ఆర్డర్‌ని స్లిప్ మీద రాసి, బోర్లా పెట్టి, పైవాడి వైపు జరపాలి. సరుకు అటునుంచి ఇటు వస్తుంది. ఆర్డర్ చేరడానికి రెండు వారాలు, సరుకు రావడానికి ఇంకో రెండు వారాలు. స్టాకులో ఉన్న కేసుకి వారానికి అర డాలరు ఖర్చు, ఇవ్వలేక బాకీ పడిన కేసుకి ఒక డాలరు. నలుగురి ఖర్చూ కలిపి ఏ జట్టుకి తక్కువ వస్తే ఆ జట్టు గెలిచినట్టు. మాట్లాడుకోకూడదు. కస్టమర్ ఎంత అడిగాడో రిటైలర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. (బీరు పేరు ఎత్తడం ఇబ్బంది అనుకుంటే జ్యూస్ అని చెప్పి ఆడించండి. ఆటకేమీ కాదు.)

మొదటి వారాలు చప్పగా సాగుతాయి. అందరి దగ్గరా 12 కేసులు, వచ్చేవి నాలుగు, పోయేవి నాలుగు. వెనక బల్లల్లో ఆవలింతలు. ఐదో వారం రిటైలర్ కస్టమర్ చీటీ తిప్పితే ఎనిమిది. ఆ తర్వాత ఆట ముగిసేదాకా ప్రతి చీటీ మీదా ఎనిమిదే. బయటినుంచి వచ్చే మార్పు మొత్తం మీద ఇదొక్కటే. ఇంకో పది వారాలు పోయాక బోర్డు చూడాలి. రిటైలర్ గడి ఖాళీ. హోల్‌సేలర్ షీటులో బాకీ పెరిగిపోతుంటుంది. డిస్ట్రిబ్యూటర్ స్లిప్ మీద 30 అని రాసి, కొట్టేసి, 40 చేస్తాడు. ఫ్యాక్టరీలో కూర్చున్న అమ్మాయి ఆ స్లిప్ తిప్పి చూసి, మాట్లాడకూడదు కాబట్టి, నోరు తెరిచి నా వైపు చూస్తుంది. కొన్ని వారాలకి ఆ సరుకంతా ఒక్కసారే దిగుతుంది. బిళ్లలు గడిలో పట్టక పక్కకి దొర్లుతుంటాయి. డిస్ట్రిబ్యూటర్ వరసగా సున్నా, సున్నా, సున్నా అని ఆర్డర్ రాస్తుంటాడు.

ఇలా ఎందుకు జరుగుతుందో కళ్లకు కట్టినట్టు చూపించడంలోనే ఈ బోర్డు గొప్పతనం ఉంది. వారానికి నాలుగు కేసులు, లీడ్ టైమ్ (ఆర్డర్ పెట్టినప్పటి నుంచి సరుకు చేతికొచ్చేదాకా పట్టే కాలం) నాలుగు వారాలు అంటే దారిలో ఎప్పుడూ 16 ఉండాలి. అమ్మకం ఎనిమిదైతే 32 ఉండాలి. జాన్ లిటిల్ పేరు మీద ఉన్న లిటిల్ సూత్రం చెప్పేది ఇదే. ఫార్ములాగా రాస్తే తలూపుతారు. ఇక్కడైతే ఆ 16 కేసుల తేడా ఎక్కడ తగ్గిందో వేలు పెట్టి చూపించొచ్చు. రిటైలర్ ఐదో వారంలోనే తడుముకోకుండా ఎనిమిది ఆర్డర్ పెట్టాడనుకోండి. అది వచ్చేలోపు వారానికి నాలుగు చొప్పున తరిగి, ఉన్న 12 అయిపోయి, బాకీలో పడతాడు. కంగారు అక్కడ మొదలవుతుంది. పన్నెండు పెడతాడు. రాలేదని మళ్లీ పదహారు పెడతాడు. ముందు పెట్టినవి దారిలో ఉన్నాయన్న సంగతి గుర్తుండదు.

ఎం.ఐ.టి. ప్రొఫెసర్ జాన్ స్టర్మన్ ఈ ఆట ఫలితాలను విశ్లేషించి 1989లో ప్రచురించిన పరిశోధనలో తేల్చింది కూడా ఇదే. చేతిలో ఉన్న స్టాకుకి ఆటగాళ్లు ఇచ్చే విలువలో సగటున మూడో వంతే దారిలో ఉన్న సరుకుకి ఇస్తున్నారు. అందులో జట్ల సగటు ఖర్చు 2,000 డాలర్లు దాటింది. జాగ్రత్తగా ఆడితే 200 దగ్గర్లో ముగించొచ్చు. ఆడినవాళ్లు ఎం.బి.ఎ. పిల్లలే అనుకునేరు, కంపెనీల ఎగ్జిక్యూటివ్‌లూ ఉన్నారు.

అసలు పాఠం ఆట ఆపాక మొదలవుతుంది. 50 వారాలని చెప్పి 36 దగ్గర ఆపేయాలి, లేకపోతే చివర్లో అందరూ స్టాకు వదిలించుకునే పనిలో పడతారు. ఆపగానే రిటైలర్లు తప్ప మిగతావాళ్లందరికీ తెల్లకాగితం ఇచ్చి, కస్టమర్ ఆర్డర్లు ఎలా ఉండి ఉంటాయో గ్రాఫ్ గీయమంటాను. దాదాపు అందరూ కొండలూ లోయలూ గీస్తారు. కొందరైతే పండగ సీజన్ ఎప్పుడొచ్చిందో కూడా రాసి పెడతారు! ఆ కాగితాలన్నీ గోడకి అంటించి, పక్కన అసలుది గీస్తాను: నాలుగు దగ్గర ఒక అడ్డగీత, ఒక మెట్టు, ఎనిమిది దగ్గర ఇంకో అడ్డగీత. అప్పటిదాకా "హోల్‌సేలర్ వల్లే మునిగిపోయాం మేడమ్" అని గొడవపడుతున్నవాడు చప్పబడిపోతాడు. "నాకు ముందే తెలుసు, మీరే మాట్లాడొద్దన్నారు" అని రిటైలర్ ఎదురు తిరుగుతాడు. న్యాయమైన మాటే. అమ్మకాల డేటా పైవాళ్లతో ఎందుకు పంచుకోవాలో ఇక నేను చెప్పక్కర్లేదు, వాళ్లే చెప్తారు. ఈ చర్చకి కనీసం గంట లేకపోతే కిట్ బయటికి తీయకండి. నిజంగా చెప్తున్నాను, ఆట మాత్రమే ఆడించి పంపేస్తే వాళ్లకి గుర్తుండేది ఎవరు గెలిచారన్నదే.

ఆన్‌లైన్ వెర్షన్లు బోలెడున్నాయి. లెక్కలు అవే వేస్తాయి, గ్రాఫులు అవే గీస్తాయి, పెద్ద సెక్షన్‌కి శ్రమ లేదు. లీడ్ టైమ్ తగ్గించి రెండోసారి ఆడించాలంటే కొన్నిట్లో ఒక్క క్లిక్. అయినా నా ఓటు బోర్డుకే. స్క్రీన్ మీద దారిలో ఉన్న సరుకు మూలన ఒక అంకె, చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. బోర్డు మీద వాళ్ల చేత్తో వాళ్లే జరిపిన బిళ్లలు కళ్లెదురుగా ఉండి కూడా మర్చిపోతారు. ఆ మర్చిపోవడాన్నే నేను చూపించాలి. పైగా ఆన్‌లైన్‌లో ఓడితే సాఫ్ట్‌వేర్‌ని తిడతారు.

ఒక లోటు ఉంది, చిన్నది కాదు. కస్టమర్ దగ్గర చిన్న మార్పు పైకి పోయేకొద్దీ ఆర్డర్లలో పెద్ద ఊపుగా మారడాన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. దానికి పరిశోధకులు హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ 1997లో నాలుగు కారణాలు చెప్పారు: కింది నుంచి వచ్చే ఆర్డర్లనే నిజమైన డిమాండ్ అనుకోవడం, ఆర్డర్లు పోగుచేసి పెట్టడం, డిస్కౌంట్లతో ధరలు మారడం, కొరత ఉన్నప్పుడు కావాల్సిన దానికన్నా ఎక్కువ అడగడం. ఈ ఆటలో గట్టిగా కనిపించేది మొదటిదే. ధరలు మారవు, లారీ నింపాలన్న బలవంతం లేదు, ఒక్కో సప్లయర్‌కీ ఒక్కడే కొనేవాడు కాబట్టి సరుకు పంచడంలో పోటీ లేదు. పాంపర్స్ డైపర్ల వాడకం నిలకడగా ఉన్నా ఆర్డర్లు ఎగిరెగిరి పడటం ప్రోక్టర్ అండ్ గాంబుల్ గమనించిన ఉదంతం చెప్పాలంటే మీరు విడిగా కూర్చుని చెప్పుకోవాల్సిందే. కెపాసిటీ, క్వాలిటీ, క్యూల ఊసు ఇందులో లేనే లేదు. ఒకే ఆటతో సెమిస్టర్ గట్టెక్కదు.

కిట్ తయారీ పర్వాలేదు. బోర్డు మందంగానే ఉంది. బిళ్లలే మరీ చిన్నవి, ఒక కేసు బిళ్లా పది కేసుల బిళ్లా రంగులో దగ్గరగా ఉండి తికమక పెడతాయి. ఆర్డర్ స్లిప్పులు మొదటి ఏడాదే అయిపోతాయి, జిరాక్స్ తీయించి పెట్టుకోండి. బాకీని రాసే గడిలో తీసివేతలు తప్పడం మామూలే, అందుకని ప్రతి స్థానంలో ఇద్దరిని కూర్చోబెడతాను, ఒకరు బిళ్లలు, ఒకరు లెక్క. అలా ఎనిమిది మందికి ఒక బోర్డు సరిపోతుంది. నియమాలు చెప్పడం, రెండు మూడు వారాలు కలిసి ఆడి అలవాటు చేయడం, ఆట, చర్చ, అన్నీ కలిపి మూడు గంటల స్లాట్ ఉంటే హాయి.

సీనియర్లు "ఐదో వారంలో ఎనిమిది అవుతుంది" అని చెప్పేస్తారేమో అని చాలామందికి టెన్షన్. కస్టమర్ చీటీల కట్ట మీరే రాసుకోండి, మెట్టు ఇంకో వారంలో పెట్టండి, చాలు. అసలు తెలిసినా పెద్దగా ఒరిగేదేం లేదు. క్రోసన్, డొనహ్యూ, కటోక్, స్టర్మన్ కలిసి 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో డిమాండ్ మారదనీ, అది ఎంతో కూడా అందరికీ ముందే చెప్పి ఆడించారు. అయినా ఆర్డర్లు ఊగాయి. కస్టమర్ సంగతి తెలిసినా, పక్క కుర్చీలో ఉన్నవాడు ఏం చేస్తాడో తెలియదు కదా.