కాన్పూర్ .32 రివాల్వర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే నా తీర్పు చెప్పేస్తాను. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన .32 రివాల్వర్, మార్క్ 3, చూడటానికి మోటుగా ఉంటుంది. ట్రిగ్గర్ గట్టి. దూరం గురికి పనికిరాదు. అయినా నమ్మదగ్గ తుపాకి. నాలుగు గోడల మధ్య ప్రాణం మీదికి వస్తే తన పని తాను చేస్తుంది. ఇక కొనాలా వద్దా అన్నది మాత్రం తుపాకి మంచిచెడ్డలు చూసి తేల్చుకునేది కాదు. ఏళ్ల తరబడి రోజూ దానికి కాపలా ఉండే ఓపిక మీకు ఉందా లేదా చూసుకుని తేల్చుకోవాలి.

మాది మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు. నేను లైసెన్స్ తీసుకున్న రోజుల్లో ధాన్యం సీజన్ వస్తే రైతులకు నగదే ఇవ్వాలి. సంచుల్లో డబ్బు పెట్టుకుని బ్యాంకు నుంచి మిల్లుకి, మిల్లు నుంచి ఇంటికి తిరిగేవాళ్లం. ఆ కారణం చూపించే దరఖాస్తు పెట్టాను, పోలీసు విచారణ జరిగింది, లైసెన్స్ వచ్చింది. ఇప్పుడు చెల్లింపులన్నీ ఖాతాల్లోకే వెళ్తున్నాయి. అవసరం సగం తగ్గింది. రివాల్వర్ బాధ్యత మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

వస్తువు గురించి. ఇది ఆరు గుండ్ల రివాల్వర్. బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు. బరువు 700 గ్రాముల దాకా ఉంటుంది. పాత ఇంగ్లీషు వెబ్లీ రివాల్వర్ పద్ధతిలోనే చేశారు. పిడికి పైన ఎడమవైపు ఉన్న మీటను బొటనవేలితో నొక్కితే బ్యారెల్, సిలిండర్ (గుండ్లు పెట్టే గుండ్రటి చక్రం) కలిసి ముందుకి వంగుతాయి. అలా వంగేటప్పుడే మధ్యలోని నక్షత్రం ఆకారపు రేకు పైకి లేచి, ఆరు ఖాళీ తొడుగుల్నీ ఒకేసారి బయటికి నెట్టేస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. తుపాకి నిండుగా ఉందా ఖాళీగా ఉందా అన్న అనుమానమే మిగలదు. ఒక్కసారి విప్పితే ఆరు గదులూ కళ్ల ముందే ఉంటాయి. మొదటిసారి తుపాకి పట్టుకునేవాళ్లకు పిస్టల్ కంటే రివాల్వరే మేలని నేను చెప్పేది ఇందుకే. పిస్టల్‌లో మ్యాగజైన్ (గుండ్ల డబ్బా) తీసేశాక కూడా చాంబర్‌లో ఒక గుండు ఉండిపోవచ్చు. ఆ ఒక్క గుండు వల్లే ఇళ్లలో ఘోరాలు జరుగుతుంటాయి.

అసలు .32 బోరు (గొట్టం లోపలి వెడల్పు) ఎందుకంటే మన చట్టంలో ఆ దారే ఉంది. 9 ఎంఎం, .38, .303 లాంటివి సైన్యం, పోలీసులు వాడే సైజులు. వాటిని నిషేధిత బోరు అంటారు, మామూలు వ్యక్తిగత లైసెన్సుకు దొరకవు. చేతి తుపాకి కావాలంటే మిగిలేది .32, .22 లాంటివే. .32 దెబ్బలో బలం తక్కువని చాలామంది పెదవి విరుస్తారు. తక్కువే, నిజం. కానీ వెనక్కి తన్నడం కూడా తక్కువే కాబట్టి రెండో గుండు దారి తప్పదు. పెద్ద బోరుతో గోడకు కొట్టడం కంటే చిన్న బోరుతో అనుకున్న చోట కొట్టడమే నయమని నా గట్టి అభిప్రాయం.

ట్రిగ్గర్ విషయంలో మాత్రం ఫ్యాక్టరీవాళ్లను మెచ్చుకోలేను. హ్యామర్ (గుండుని కొట్టే వెనక సుత్తి) వెనక్కి లాగిపెట్టి కాలిస్తే పర్వాలేదు. లాగకుండా నేరుగా నొక్కితే వేలు మొత్తం బలం పెట్టాలి. కొత్తలో ఇసుక మీద రాయి ఈడ్చినట్టు గరగరమనేది. వాడగా వాడగా నునుపు తేలింది కానీ బరువు అలాగే ఉంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు తొందరపడి గుంజితే గుండు కిందికి, ఎడమవైపుకి పోతుంది. ఏడు మీటర్ల దగ్గర నిదానంగా కాలిస్తే అరచేయంత చోటులో పడతాయి. పదిహేను మీటర్లు దాటితే నేను దీన్ని నమ్ముకోను. గురి చూసుకునే ముక్కు, గాడి రెండూ కదలనివి కాబట్టి సర్దుకోవాల్సింది మన చెయ్యే.

శుభ్రం చేయడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. బ్యారెల్ లోపల గుడ్డ తిప్పి నూనె రాస్తే పని అయిపోయిందనుకుంటారు. అసలు చెత్త పేరుకునేది ఆ నక్షత్రపు రేకు కింద. కాల్చాక కాలిపోకుండా మిగిలిన మందు రేణువులు ఒకటో రెండో దాని కిందకి చేరతాయి. అంతే, రేకు వెంట్రుకవాసి పైకి లేచి ఉంటుంది, సిలిండర్ తిరగడం బరువెక్కుతుంది. ఆ బరువు ట్రిగ్గర్‌దేనని పొరబడి రిపేరుకి పరిగెత్తేవాళ్లు ఉన్నారు. పాత టూత్‌బ్రష్‌తో రేకు కింద నాలుగువైపులా గీసి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. అక్కడ నూనె మాత్రం పోయకండి. నూనె ఉంటే మందు రేణువులు ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. పైగా గదుల్లోకి జారిన నూనె గుండు అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌ని పాడు చేస్తుంది, గుండు పేలదు. ఇంకో మాట. ఖాళీ రివాల్వర్ ట్రిగ్గర్ టకటకా నొక్కుతూ కూర్చోకండి, హ్యామర్ ముక్కు దెబ్బతింటుంది. సాధన కోసమైతే డమ్మీ గుండ్లు పెట్టుకోండి.

గుండ్లు ఎప్పటికైనా వాడాల్సిందే. లైసెన్స్‌లో ఏడాదికి ఎన్ని, ఒకసారికి ఎన్ని కొనొచ్చో రాసి ఉంటుంది. కొన్న ప్రతిసారీ దుకాణంవాళ్లు అందులో నమోదు చేస్తారు. చాలామంది కొన్న గుండ్లను బంగారంలా దాచుకుని ఏళ్ల తరబడి బీరువాలో ఉంచేస్తారు. మన ఎండలకి, వానాకాలం చెమ్మకి అవి అలా ఉండకూడదు. పాతవాటిని షూటింగ్ రేంజ్‌లో కాల్చేసి కొత్తవి తెచ్చుకోవడమే నా పద్ధతి. పాత గుండు టిక్కుమని పేలకుండా ఆగితే వెంటనే విప్పకండి. తుపాకి ముందుకే పట్టుకుని అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే గుండ్లూ ఉంటాయి.

సాధన దగ్గరే అసలు ఇబ్బంది. జిల్లాల్లో మామూలు లైసెన్స్‌దారు వెళ్లి కాల్చుకునే రేంజ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను కనుక్కున్న మార్గం ఎయిర్ పిస్టల్. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. పది మీటర్ల దూరంలో అట్టపెట్టె పెట్టి, వెనక బలమైన గోడ ఉండేలా చూసుకుని, నెలల తరబడి దాంతోనే ట్రిగ్గర్ మీద చెయ్యి కుదుర్చుకున్నాను. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. మీ ఇంట్లో పిల్లలకి తుపాకి అంటే ఇష్టమైతే రివాల్వర్ చూపించి మురిపించకండి. ఎయిర్ రైఫిల్ క్లబ్బులో చేర్పించండి. మంచి కోచ్ దగ్గర మొదటి నెలంతా నేర్పేది క్రమశిక్షణే.

మా ఊళ్లో కుర్రాళ్లు "అన్నా, నాకూ ఒక లైసెన్స్ ఇప్పించరాదే" అని అడుగుతుంటారు. ఇది ఎవరో ఇప్పించేది కాదు. అమెరికాలో మాదిరి ఇక్కడ తుపాకి రాజ్యాంగ హక్కు కాదు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో పౌరులు నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ఉండాలన్న మాట ఉంది. 1948లో రాజ్యాంగ సభలో సభ్యులు హెచ్.వి. కామత్ గారు దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని పట్టుబట్టారు, అంబేడ్కర్ గారు ఒప్పుకోలేదు. నన్నడిగితే అంబేడ్కర్ గారిదే సరైన మాట. అలాగని లైసెన్స్ అధికారి దయాదాక్షిణ్యం కూడా కాదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవారు ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కి, మిగతా చోట్ల కలెక్టర్‌కి పెట్టాలి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని సెక్షన్ 14లోనే ఉంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి, దాని మీద అప్పీల్ చేసుకోవచ్చు. బ్రోకర్ల చేతుల్లో డబ్బు పోయకండి. మీకు నిజంగా ఏం ముప్పు ఉందో, దానికి ఆధారమేమిటో కాగితాల మీద పెట్టండి. ఇదివరకు పోలీసులకి ఇచ్చిన ఫిర్యాదు ఉంటే దాని కాపీ జతచేయండి. తుపాకి వాడకంలో శిక్షణ తీసుకున్న సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

2019 డిసెంబర్ సవరణతో రెండు మార్పులు వచ్చాయి. ఒక మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండుకి తగ్గింది. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెరిగింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరంగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకి ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అన్నది కూడా అప్పుడే చేర్చారు. పైకి పోయిన గుండు ఎవరో ఒకరి ఇంటి మీదికే దిగుతుంది. బంధువులు "ఒక్కసారి కాల్చు బావా" అంటారు. పెళ్లికి నేను దాన్ని తీసుకెళ్లనే తీసుకెళ్లను.

ఎన్నికలప్పుడు తుపాకి డిపాజిట్ చేయడం గురించి కొత్తవాళ్లు తప్పక తెలుసుకోవాలి. షెడ్యూల్ రాగానే ఆయుధాలు అప్పగించమని ఉత్తర్వు వస్తుంది, ఎన్నికలయ్యేదాకా అవి స్టేషన్‌లోనో, అనుమతి ఉన్న ఆయుధాల దుకాణంలోనో ఉంటాయి. తెలంగాణలో 2023 నవంబర్‌లో అసెంబ్లీ, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి కాబట్టి కొద్ది నెలల తేడాతో రెండుసార్లు ఇచ్చాం. ఇవ్వాల్సిందే, అందులో నాకు అభ్యంతరం లేదు. నా బాధల్లా ఉంచే తీరు గురించి. ఒకసారి స్టేషన్ నుంచి తీసుకొచ్చి విప్పి చూస్తే బ్యారెల్ చివర, గురి ముక్కు చుట్టూ ఎర్రటి తుప్పు చుక్కలు పొక్కి ఉన్నాయి. గోనెగుడ్డలో చుట్టి తడి గోడకి ఆనించి పెట్టినట్టున్నారు. పై నల్లపూత అక్కడ ఇప్పటికీ పలచబడే ఉంది. అప్పటినుంచి డిపాజిట్‌కి ముందు లోపలా బయటా పలచగా నూనె పట్టించి, మైనపు కాగితంలో చుట్టి, చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు వేసి ఇస్తున్నాను. రసీదులో తుపాకి నంబరు, దాని పరిస్థితి, గుండ్ల లెక్క రాయించుకుంటాను. వీలైతే దుకాణంలోనే డిపాజిట్ చేయండి. కొంత అద్దె తీసుకుంటారు కానీ జాగ్రత్తగా ఉంచుతారు.

ఇంట్లో భద్రత మాటకొస్తే, నా రివాల్వర్ గోడకి బిగించిన ఇనుప లాకర్‌లో ఉంటుంది. గుండ్లు వేరే గదిలో, వేరే తాళం కింద ఉంటాయి. దిండు కింద, కారు డ్యాష్‌బోర్డులో పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు కోపం ఆగదు. పిల్లలకి దొరకని చోటంటూ ఇంట్లో ఉండదు. పిల్లల కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరైనా అప్పుల వల్లో, మానసిక కుంగుబాటు వల్లో నలిగిపోతుంటే, ఆ మనిషి మీరే అయినా సరే, ఆ రోజే రివాల్వర్‌ని దుకాణంలో డిపాజిట్ చేసేయండి. మనసు కుదుటపడ్డాక తెచ్చుకోవచ్చు. మా బంధువుల ఇంట్లో అలాంటి పరిస్థితి వస్తే దగ్గరుండి ఇప్పించాను. వదినగారు ఇప్పటికీ ఆ మాట ఎత్తి కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

ప్రయాణాల్లో రెండు చోట్ల కన్నేసి ఉంచాలి. ఒకటి సరిహద్దు. రాష్ట్రం విడిపోయాక మాకు కృష్ణ దాటితే వేరే రాష్ట్రమే. దాచేపల్లిలో చుట్టాలున్నా, లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూసుకోకుండా రివాల్వర్‌తో వాడపల్లి వంతెన దాటకూడదు. రెండోది విమానాశ్రయం. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క గుండు స్కానర్‌లో కనబడిందంటే ప్రయాణం ఆగుతుంది, కేసు పడుతుంది. తెలియక ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకోవచ్చేమో కానీ ఆ తిరుగుడు, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. రేంజ్‌కి వాడే సంచిని దేనికీ వాడకుండా విడిగా ఉంచండి.

ఇప్పుడు కొనేవాళ్లకి ఇంకో రెండు దారులున్నాయి. 2014లో వచ్చిన నిర్భీక్ కూడా .32నే. టైటానియం మిశ్రమంతో చేయడం వల్ల అర కిలోనే ఉంటుంది. వచ్చినప్పుడే ధర 1,22,360 రూపాయలు. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పట్టేలా చేశామన్నారు. బరువు తగ్గితే మోయడానికి సుఖమే కానీ కాల్చేటప్పుడు చేతిలో ఎగురుడు పెరుగుతుంది. 2023 ఆగస్టులో వచ్చింది ప్రబల్. 2021లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టాక, కాన్పూర్‌లోని కొత్త సంస్థ తయారు చేసింది. దాని సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది, విదేశీ రివాల్వర్ల లాగా. దుకాణంలో చేత్తో పట్టుకుని చూశాను, కాల్చలేదు. పిడి నా మార్క్ 3 కంటే బాగా కుదిరింది. ట్రిగ్గర్ కూడా తేలిక. ఈరోజు కొత్తగా కొనేవాళ్లయితే ముందు ప్రబల్ చూడండి. మార్క్ 3 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బ్యారెల్ మూసి, మీట దగ్గర కీలు ఆడుతోందేమో పట్టుకుని ఊపి చూడండి. అక్కడ వదులైందంటే ఎంత చవకైనా వద్దు. నాది ఇంకా బిగువుగానే ఉంది, మార్చే ఆలోచన లేదు.