డీజిల్‌ని వదిలి నీళ్లని ఆపే నికెల్ ఫోమ్ షీట్ - పనిచేస్తుంది, కానీ సబ్బు తగలకూడదు

మా షెడ్డులో డీజిల్ ట్యాంకులు దించి కడిగినప్పుడల్లా నీళ్లూ డీజిలూ కలిసిన సరుకు బకెట్లలో మిగిలిపోతుంది, దాని కోసం ఆన్‌లైన్‌లో ఈ కోటింగ్ వేసిన నికెల్ ఫోమ్ తెప్పించా. చూడ్డానికి బూడిదరంగు స్పాంజిలా పల్చటి షీటు, అంగుళానికి 110 రంధ్రాల రకం. మీద నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్టుల్లా జారిపోతున్నాయి, అదే డీజిల్ చుక్క వేస్తే పడీ పడగానే ఇంకిపోతోంది. ఐడియా కొత్తదేం కాదులెండి, 2004లోనే బీజింగ్‌లో లెయ్ జియాంగ్ అనే శాస్త్రవేత్త వాళ్ల టీమ్ టెఫ్లాన్ పూసిన స్టీలు జాలీతో ఇది చేసి చూపించింది.

అసలు చిక్కు వాడే పద్ధతిలో ఉంది. గరాటులో షీటు పెట్టి పోస్తే పని జరగదు, ఎందుకంటే నీళ్లు బరువు కదా, ముందు అవే దిగి షీటు మీద కూర్చుంటాయి, పైన తేలే డీజిల్‌కి దారే ఉండదు. అందుకే షీటుని డబ్బా చుట్టూ తిప్పి గిన్నెలా చేసి, అతుకులు అరల్డైట్‌తో మూసి, అంచు పైకి ఉండేలా బకెట్లో కొద్దిగా ముంచా. పక్కల నుంచి డీజిల్ లోపలికి ఊరుతుంది, పైపుతో లాగేసుకోవడమే. లోతుగా తొయ్యకండి, నాలుగైదు వేళ్ల లోతు దాటితే ఆ ఒత్తిడికి నీళ్లు కూడా దూరతాయి. పదునుగా మడిస్తే నికెల్ పగులుతుంది, కోటింగ్ లేస్తుంది, నీళ్లు కారేది సరిగ్గా అక్కడే. కోసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, నికెల్ కొందరికి దురద పెడుతుంది.

పాత ఇంజిన్ ఆయిల్ కూడా వస్తుంది కానీ చిక్కన కదా, నత్తనడకే.

షాంపూ నీళ్లు కలిస్తే మాత్రం అంతా గోవిందా! సబ్బు నీటి తలతన్యత తగ్గించేస్తుంది, అప్పుడు నీళ్లు కూడా హాయిగా లోపలికొచ్చేస్తాయి. పాలలా తెల్లగా కలిసిపోయిన కూలెంట్ కూడా దీనికి లొంగదు. సెల్లర్ ఏమో ఎలాంటి నీళ్లయినా ఆపుతుందని రాశాడు, అది ఉత్త మాట. కార్ వాష్ వాళ్లు డబ్బులు దండగ చేసుకోకండి.

తేలే డీజిల్, కిరోసిన్ వరకు 5కి 3.5 ఇస్తా. కోటింగ్ దేనితో చేశారో ఎక్కడా రాయలేదు, అడిగినా జవాబు లేదు, కాబట్టి వంటనూనె జోలికి మాత్రం దీన్ని తీసుకెళ్లకండి.